దూప

దాహాన్ని మా వైపు దూప అంటాం. మిర్యాలగూడలో మా ఇంటికి ఎవరొచ్చినా, వాళ్లు కూర్చోకముందే మా అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చేది. వచ్చింది చుట్టమా, కరెంటు బిల్లు ఇచ్చే మనిషా, పోట్లాటకొచ్చిన పక్కింటావిడా అన్నది తరువాతి సంగతి. "దూప మీదున్న మనిషితోటి ముచ్చట పెట్టొద్దు, ముందుగాల నీళ్లియ్యాలె" అనేది. పోట్లాటకొచ్చిన ఆవిడ కూడా నీళ్లు తాగి సగం చల్లబడి, మిగిలిన సగం పోట్లాడి వెళ్లేది. అలాంటి అమ్మ కడుపున పుట్టి నేను ఎంచుకున్న ఉద్యోగం ఏమిటంటే, నీళ్లడిగిన వాళ్లకు నీళ్లు ఇవ్వకపోవడం.

నేను నర్సును. చాలా ఏళ్లుగా అంబులెన్సులో తిరుగుతున్నాను. రోడ్డు మీద దెబ్బలు తగిలిన వాళ్ల దగ్గరకు వెళ్లగానే నా నోటి నుంచి వచ్చే మొదటి మాట "నీళ్లు తాపకుండ్రి" అనే. మన దగ్గర మనిషి కింద పడితే చాలు, ఎవరో ఒకరు సీసాతో ఉరికొస్తారు. కిరాణా కొట్టతను కొత్త సీసా మూత తిప్పుకుంటూ వస్తాడు. పొలంలో పనిచేసుకునే ఆమె తన గిన్నెలో నీళ్లు పట్టుకొస్తుంది. ఇంత మంచి గుణం ఇంకో చోట ఉంటుందో లేదో నాకు తెలియదు. కానీ తెలివి సరిగా లేని మనిషికి తాపిన నీళ్లు గొంతు తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దవాఖానకు పోగానే ఆపరేషన్ కావాల్సిన మనిషికి కడుపు ఖాళీగా ఉండాలి. ఈ మాట నెమ్మదిగా చెప్తే ఎవరూ వినరు కాబట్టి నేను అరుస్తాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అంటారు. నా నోరు మంచిది కాదు. ఊళ్లు మాత్రం మంచివే. నా చేత తిట్లు తిన్నవాళ్లే స్ట్రెచర్‌కు ఓ చెయ్యి వేస్తారు.

నీళ్లు వద్దనడం ఒక ఎత్తు, వద్దన్న తర్వాత ఆ మనిషి ముఖం చూడడం ఒక ఎత్తు. ఒంట్లోంచి రక్తం పోతున్నవాళ్లకు పట్టే దూప మామూలు దూప కాదు. నొప్పి ఉందని అడగరు, బతుకుతానా అని అడగరు, నీళ్లే అడుగుతారు. నాలుక ఎండి అంగిటికి అతుక్కుపోతుంది. నాకు పరిచయం లేనివాళ్లు, నా ఈడువాళ్లు, నా కంటే పెద్దవాళ్లు అందరూ "అమ్మా, జరన్ని నీళ్లు" అని నన్నే అమ్మను చేసి అడుగుతారు. ఆ అడగడం నాకు ఏనాడూ అలవాటు కాలేదు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని నీళ్ల గ్లాసు ఎత్తినప్పుడు చాలాసార్లు చెయ్యి ఆగేది.

అప్పట్లో మా దగ్గర సెలైన్ ఉండేది, అది ఎక్కించేవాళ్లం. సెలైన్ ఉప్పునీళ్లే కదా, అది రక్తం పని చేయదు. దవాఖాన చేరాక చుట్టాలు రక్తం కోసం పరుగులు పెట్టేవాళ్లు. దాహం వేసినప్పుడు బావి తవ్వడం అంటే అదే. కొందరికి ఆ బావి తవ్వేదాకా ఆయుష్షు ఉండేది కాదు.

తరువాత కొన్నాళ్లకు, చేసి చూద్దామని, కోదాడ దగ్గర నిలబడే మా బండిలోనే రక్తం పెట్టారు. ఒక చల్లటి పెట్టె, అందులో ఎవరి గ్రూపు ఏదో తెలియకపోయినా ఇవ్వగలిగే ఓ నెగెటివ్ రక్తం ప్యాకెట్లు రెండు, దాన్ని ఒంటి వేడికి తెచ్చే చిన్న యంత్రం. సూర్యాపేట బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చుకుంటాం. వాడకపోతే పాడయ్యేలోగా తిరిగి ఇచ్చేస్తాం, అక్కడ ఇంకెవరికో పనికొస్తుంది. అది దొరకడమే కష్టం, అందుకని పెట్టె మూత సరిగా పడిందా లేదా అని నేను రోజుకు పదిసార్లు చూసుకునేదాన్ని. మా డ్రైవరు కోదాడ మనిషి, నాకంటే పెద్దవాడు, నేను అన్నా అంటాను. ఆయన నన్ను ఆటపట్టించేవాడు.

"చెల్లెమ్మా, మా ఇంట్లో కొత్త కోడల్ని కూడా ఇంత జాగర్తగా చూడలేదండీ" అనేవాడు.

బండికి 'రక్తం బండి' అని పేరు పడిపోయింది. మొదట్లో జనం అది రక్తం ఇచ్చే బండి అనుకోలేదు, తీసే బండి అనుకున్నారు. మేము టీ కొట్టు ముందు ఆపితే బెంచీ మీదివాళ్లు మెల్లగా లేచి వెళ్లిపోయేవాళ్లు. ఒకాయన టీ సగంలో వదిలేసి, తనకు షుగర్ ఉందని, తన రక్తం దేనికీ పనికిరాదని చెప్పి మరీ వెళ్లాడు. మా అన్నకు ఆ రోజంతా అదే నవ్వు.

నేను చెప్పబోయేది వానాకాలం నాట్లప్పటి సంగతి. పొద్దు బాగా ఎక్కాక ఫోన్ వచ్చింది. హుజూర్‌నగర్ అవతల, మఠంపల్లి పోయే దారిలో, నాట్లకు పోతున్న కూలీల ఆటో బోల్తా పడింది. అడ్డమొచ్చిన బర్రెను తప్పించబోయి కాలవ గట్టు మీద పల్టీ కొట్టింది. మేము వెళ్లేసరికి ఆటోను లేపి నిలబెట్టారు. ఆడవాళ్లంతా గట్టు మీద కూర్చుని ఉన్నారు. మోకాళ్లు గీరుకుపోయినవాళ్లు, మోచేతులు వాచినవాళ్లు, ఏడుస్తున్నవాళ్లు, ఏడుస్తున్నవాళ్లను ఊరుకోబెడుతున్నవాళ్లు. ఒక్క మనిషి మాత్రం పడుకుని ఉంది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. డ్రైవరు పక్కన అంచు మీద కూర్చున్నదట, ఆటో మొత్తం ఆమె నడుము మీద పడింది.

ఆమె తల పక్కన ఒక పెద్దామె గొంతుకూర్చుని ఉంది. చేతిలో పెద్ద కూల్‌డ్రింకు సీసా, నీళ్లు చల్లగా ఉండడానికి చుట్టూ తడి గోనెపట్ట కుట్టి ఉంది. నాట్లకు పోయే ప్రతివాళ్లూ అలాంటిదే తీసుకెళ్తారు. ఆ సీసా మూతి పడుకున్న ఆమె పెదాల దగ్గర ఉంది.

నేను దూరం నుంచే అరిచి, దగ్గరకెళ్లి సీసా లాక్కుని పక్కన పెట్టాను.

"నా కోడలు నీళ్లడుగుతుంది" అంది పెద్దామె. కోపంగా కూడా కాదు, నాకు వినబడలేదేమోనన్నట్టు.

కోడలిని చూశాను. పైకి నెత్తురు పెద్దగా లేదు, అదే భయం. కటి ఎముక విరిగి రక్తం లోపలే పోతున్నట్టుంది. ముఖం తెల్లబడింది, చేతులు మంచులా ఉన్నాయి, నాడి పరుగెత్తుతోంది, బీపీ చెప్పుకోదగ్గట్టు లేదు. నడుము చుట్టూ బెల్టు బిగించాం. బండిలోకి ఎక్కించి రెండు చేతులకూ సూదులు పెట్టాను. దవాఖాన నుంచి వీడియో ఫోన్‌లో డాక్టరుగారు చూసి, "రక్తం మొదలుపెట్టండి" అన్నారు. పెద్దామె ఎవరూ పిలవకుండానే వెనక ఎక్కి కూర్చుంది. ఆమె కుడి మణికట్టు వాచి ఉంది, దాని సంగతి ఆమెకే పట్టలేదు. కొంగు కింద నుంచి గోనెపట్ట అంచు కనబడుతోంది. నేను పక్కన పెట్టిన సీసా ఎప్పుడు తీసుకుందో నేను చూడలేదు.

బండి కదిలింది. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చి, హైవే ఎక్కి సూర్యాపేట పోవాలి. దారి చిన్నది కాదు.

"అత్తా, దూప" అంది కోడలు. "నీళ్లు పొయ్యి అత్తా."

సీసా బయటికి వచ్చింది. నేను ఒక చేత్తో పెద్దామె చెయ్యి పట్టుకున్నాను. రెండో చేతిలో రక్తం నమూనా తీసిన గొట్టం ఉంది. రక్తం ఎక్కించకముందే మనిషి సొంత రక్తం కొంచెం తీసి పెట్టాలి, లేకపోతే తర్వాత దవాఖానలో గ్రూపు పోల్చుకోవడం కష్టమవుతుంది.

"పెద్దమ్మా, వద్దు. నీళ్లు తాపితే ఆమెకే కష్టమైతది. ఆపరేషన్ చెయ్యాలె."

"సచ్చేటోళ్లకు గూడ నీళ్లు పోస్తరు. అడిగినోళ్లకు పొయ్యకపోతే మనమేం మనుషులం?"

"ఆమె సావదు."

"గట్లనే అన్నరు" అంది పెద్దామె. "నా కొడుకప్పుడు గూడ గట్లనే అన్నరు."

దామరచర్ల దగ్గర కరెంటు ప్లాంటు కడుతున్నప్పుడు ఆమె కొడుకు అక్కడ పనికి పోయేవాడట. ఒక రోజు పని దిగి బండి మీద వస్తుంటే లారీ తగిలింది. తొడ నుజ్జయింది. ఆమె వెళ్లేసరికి ఆటోలో పడుకోబెట్టి ఉన్నారు. దవాఖాన దారిలో ఆమె ఒళ్లోనే తల పెట్టుకుని నీళ్లు, నీళ్లు అని అడిగాడు. తాపొద్దని పక్కనున్నవాళ్లు చెప్పారు, ఆమె తాపలేదు. కొంత దూరం పోయాక అడగడం ఆగిపోయింది.

"మంచిగైతుండని అనుకున్న" అంది. "అడుగుడు బందైంది గద, దూప తీరిందేమో అనుకున్న. అయిపోయిండు. దూపతోటే పోయిండు నా కొడుకు. ఈ పిల్లనన్న దూపతోటి పోనియ్య. నువ్వేమన్నా అనుకో బిడ్డా."

చెయ్యి గుంజుకుంది. నాట్లు వేసే చెయ్యి, నా చెయ్యి కంటే గట్టిది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మనవైపు పోయే ప్రాణానికి గొంతులో నీళ్లు పోయడం ఎంత పెద్ద సంగతో నాకు తెలియక కాదు. మా నాయిన పోయినప్పుడు తులసాకు నీళ్లు పోసింది నేనే. పోయకపోతే ఆ ప్రాణం నీళ్లు వెతుక్కుంటూ తిరుగుతుందంటారు. నమ్మకమే అనుకోండి, ఆ నమ్మకంతోనే ఒక తల్లి ఇన్నేళ్లు పడుకుని లేస్తోంది. అలాంటి మనిషికి ఊపిరితిత్తుల సంగతి, ఆపరేషన్ సంగతి చెప్పి ఏం లాభం?

అరవలేదు. అరిస్తే గెలిచేదాన్నేమో, కానీ ఆ సీసాకు కాపలా కాస్తే కుదరదు, రక్తం ఎక్కించడానికి నాకు రెండు చేతులూ కావాలి.

"పెద్దమ్మా, సీసా నీ దగ్గర్నే ఉంచుకో" అన్నాను. "కొంగు తడిపి ఆమె పెదాలకు అద్దు. నాలుక మీద గూడ అద్దు. చుక్క లోపలికి పోవద్దు. గీ పని నువ్వు చేస్తే నా పని నేను చేస్త. చేస్తవా?"

ఆమె నన్ను కాసేపు చూసింది. నా మాట బరువెంతో తూచుకుంటున్నట్టుంది. తరువాత కొంగు చివర వేలికి చుట్టి, సీసా వంచి తడిపి, కోడలి పెదాలకు అద్దింది. చంటిపిల్లకు పాలు తుడిచినట్టు, మూలమూలలా.

పెట్టె తెరిచి ప్యాకెట్ తీశాను. ఎక్కించే ముందు దాని మీది గ్రూపు, నంబరు, తేదీ ఇద్దరు చూసి సరిపోల్చాలి. మామూలుగా రెండో మనిషి ఫోన్‌లో ఉన్న డాక్టరుగారే. అక్కడ సిగ్నల్ పోయింది. నేను అద్దం మీద కొట్టగానే మా అన్న బండి పక్కకు ఆపి వెనక్కి వచ్చాడు. నేను చదివాను, ఆయన ప్యాకెట్ చూస్తూ ఒక్కో అక్షరం పలికాడు. ఇలాంటప్పుడు ఆయన నవ్వడు, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా నిటారుగా నిలబడతాడు. "సరిపోయిందండీ" అని తలుపు వేసి పరుగున వెళ్లి బండి తీశాడు.

గొట్టం యంత్రంలోంచి తిప్పి సూదికి కలిపాను. ఎర్రటి గీత గొట్టంలో దిగుతూ ఆమె మోచేతి దాకా వచ్చింది. ఎన్నిసార్లు చూసినా ఆ గీత చర్మం కిందికి వెళ్లే క్షణంలో నేను ఊపిరి బిగబడతాను. ఎవరో ఎక్కడో, బహుశా సూర్యాపేటలో ఏ కాలేజీలోనో, ఒక చెయ్యి చాపి ఇచ్చి, ఒక బిస్కెట్ తిని ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ఎవరికి పోతుందో వాళ్లకు తెలియదు.

"ఎవరిదది?" అంది పెద్దామె.

"తెల్వదు పెద్దమ్మా. ఎవరో పుణ్యాత్ములు."

"సల్లగుండాలె" అని ఆ ప్యాకెట్‌కే దండం పెట్టి, మళ్లీ కొంగు తడిపింది.

కోడలు మాత్రం అడుగుతూనే ఉంది. దూప, అత్తా దూప, నీళ్లు. మాట ముద్దగా వస్తోంది. హుజూర్‌నగర్ బజారులో జనం, ఆటోలు, ఎరువుల బస్తాలు దింపుతున్న ట్రాక్టరు. మా అన్న హారన్ మీద చెయ్యి తీయలేదు. అది దాటేదాకా అడుగుతూనే ఉంది. ఊరు దాటాక మధ్యమధ్య ఆగి అడిగింది. నేను ప్యాకెట్‌ను చేత్తో నొక్కుతూ, ఇంకో చేత్తో నాడి పట్టుకుని ఉన్నాను. కోదాడ దగ్గరపడుతుంటే అడగడం ఆగిపోయింది.

నేను మానిటర్ చూస్తున్నాను కాబట్టి నాకు ముందు తెలియలేదు. పెద్దామెకు తెలిసింది. కొంగు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది.

"అడుగుతలేదు" అంది.

నేను ఆమె వైపు చూశాను.

"బిడ్డా, అడుగుడు బందైంది." ఏడవలేదు. సీసా ఒళ్లో నుంచి జారి బండి నేల మీద దొర్లింది, నీళ్లు నా చెప్పుల కిందికి పారాయి. ఆమె తీయలేదు. ఒక మనిషి అదే చోటికి రెండోసారి వచ్చి నిలబడింది.

నాకూ భయం వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? నాడి నా వేళ్ల కిందే ఉంది, ఇందాకటి కంటే నిండుగా, నెమ్మదిగా కొట్టుకుంటోంది. బీపీ పెరిగినట్టు మానిటర్ కూడా చూపిస్తోంది. అయినా పెద్దామె భయం నాకు అంటుకుంది. వంగి కోడలి చెంప మీద తట్టాను.

"చెల్లె, ఓ చెల్లె. దూప అయితుందా?"

కళ్లు తెరిచింది. నన్ను చూసింది, నేనెవరో ఆలోచించినట్టుంది. నాలుక పెదాల మీద తిప్పుకుంది.

"తగ్గింది అక్కా" అంది. "సలి పెడుతుంది."

దుప్పటి మెడ దాకా లాగాను. ఆమె తల కొంచెం తిప్పి అత్తను వెతుక్కుంది.

"అత్తా, సెయ్యికి ఏమైంది నీకు? గట్ల వాసింది?"

పెద్దామె ఆ చెయ్యి కొంగు కిందికి లాక్కుంది.

"తాళంచెవి నా బొడ్లె దోపి ఉన్నది" అంది కోడలు. "పిల్ల బడి నుంచి వస్తే దర్వాజ కాడ కూసుంటది. ఎవలకన్న ఫోన్ చెయ్యి."

నాకు నవ్వొచ్చింది, దానితో పాటు కళ్లలో నీళ్లు. చావు నుంచి తిరిగొస్తున్న మనిషికి ముందు గుర్తొచ్చింది తాళంచెవి. అప్పుడు పెద్దామె ఏడ్చింది. గొంతు విడిచి, కోడలి జుట్టు మీద ముఖం పెట్టి ఏడ్చింది. ముందు సీట్లోంచి మా అన్న కంగారుగా, "చెల్లెమ్మా, ఏమైంది? బానే ఉందా అమ్మాయి?" అని అడిగాడు. బాగుందన్నా, నువ్వు రోడ్డు చూసి నడుపు అన్నాను. ఆయన హైవే ఎక్కాడు. సూర్యాపేట చేరేలోగా రెండో ప్యాకెట్ కూడా మొదలుపెట్టాను. మధ్యలో కోడలు ఇంకోసారి దూప అన్నది, పెద్దామె పెదాలు తడిపింది, అంతే.

దవాఖానలో ఆమెను నేరుగా లోపలికి తీసుకెళ్లారు. నేను ఖాళీ పెట్టెతో బయటికి వచ్చాను. బండి నేల తుడుస్తుంటే ఆ సీసా సీటు కింద దొరికింది. తీసుకెళ్లి పెద్దామెకు ఇచ్చాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి చూపించుకో పెద్దమ్మా అంటే, "నా కోడలు బయటికొచ్చినంక" అంది.

రెండు రోజుల తర్వాత కొత్త ప్యాకెట్ల కోసం సూర్యాపేట వెళ్లాను. అలా తీసుకొచ్చినవాళ్లను తర్వాత చూడడానికి నేను ఎక్కువగా వెళ్లను. బాగుంటే సంతోషమే, బాగా లేకపోతే ఆ బరువు మోసుకుని మళ్లీ బండెక్కాలి. ఆ రోజు మాత్రం కాళ్లు వార్డు వైపే నడిచాయి.

కోడలు మంచం మీద ఉంది. నడుముకు కడ్డీలు బిగించారు, ముఖానికి రంగు వచ్చింది. పక్కన స్టూలు మీద పెద్దామె, మణికట్టుకు కట్టు. నన్ను చూడగానే లేచి, కూర్చోమని తన స్టూలు తుడిచింది.

అప్పుడే డాక్టరు చూసి వెళ్లారట. ఇక కొంచెం కొంచెంగా నీళ్లు తాగొచ్చని చెప్పారట. మంచం పక్క బల్ల మీద స్టీలు గ్లాసులో నీళ్లు, చెంచా సిద్ధంగా ఉన్నాయి. పెద్దామె వాటిని ముట్టుకోలేదు.

"నువ్వొచ్చినవ్, మంచిగైంది" అంది. "నువ్వే తాపు. నాకు సెయ్యి ఆడుతలేదు."

కట్టు ఉన్నది కుడి చెయ్యికి. ఎడమ చెయ్యి బాగానే ఉంది. నేను చెంచాతో నీళ్లు తీసి కోడలి నోట్లో పోశాను. మింగింది. ఇంకో చెంచా. మింగి, కళ్లు మూసుకుని, "సాలు అక్కా" అంది. నేను పక్కన పెట్టబోతున్న గ్లాసును పెద్దామె కళ్లార్పకుండా చూస్తోంది.

"నువ్వు తాగినవా అత్తా?" అని కోడలు అడిగి, నా వైపు తిరిగింది. "నీళ్లు ముట్టుతలేదు అక్కా, గా రోజు సంది. నేను తాగినంకనే తాగుతదట. సెప్తే ఇంటలేదు."

"ఛాయ్ తాగుతున్న గద" అంది పెద్దామె, తప్పు దొరికిన పిల్లలాగా.

"ఇంటికాడ గూడ గంతే అక్కా. దూపైనా గొంతు తడిసేటన్నే తాగుతది. రోజూ పొద్దుమీకి దర్వాజ కాడ సెంబుతోటి నీళ్లు పెడతది, పోయిన మా ఆయనకు. పొద్దుగాల సెట్టుకు పోస్తది."

పెద్దామె ఆమెను ఊరుకోమన్నట్టు చూసింది. పక్క మంచం వాళ్ల టిఫిన్ డబ్బా మూత కింద పడి దొర్లింది. తరువాత పెద్దామె నా దగ్గరకు జరిగి, కోడలికి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించింది. ఆ మంచం ఎంత, వినబడకుండా ఎలా ఉంటుంది?

"బిడ్డా, ఒకటడుగుత. నిజం సెప్పాలె. దీనికి నీళ్లియ్యలే, నెత్తురెక్కినంక దూప పాయె. నేను కండ్లార సూసిన. నా కొడుకుది గూడ గదే దూపనా?"

నేను అతన్ని చూడలేదు. అతనికి ఏ నరం తెగిందో, ఎంత రక్తం పోయిందో నాకు తెలియదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పకూడదని నాకు నేర్పారు. కానీ ఆమె బండిలో చెప్పినదంతా, నుజ్జయిన తొడ, ఆగకుండా నీళ్లడగడం, అడగడం ఆగిపోవడం, అలాంటివి నేను ఇన్నేళ్లూ చూసినవే. అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

"గదే దూప, పెద్దమ్మా" అన్నాను. "నువ్వు సీసాలకు సీసాలు పోసినా అది తీరకపోతుండె. నీళ్లతోటి తీరేది కాదది."

"అయితే నేను పొయ్యకపోవుడు..." అని ఆగింది.

"నువ్వు పొయ్యకపోవుడుతోటి దూపతో పోలేదమ్మా నీ కొడుకు. ఆయనకు కావాల్సింది నీ దగ్గర లేకుండె. అప్పుడు ఎవల దగ్గర లేకుండె."

ఆమె తల ఊపింది. ఒకసారి కాదు, చాలాసేపు, తనలో తానే ఏదో ఒప్పుకుంటున్నట్టు ఊపుతూనే ఉంది. కోడలు దుప్పటి కింద నుంచి చెయ్యి చాపి అత్త కొంగు పట్టుకుంది.

నేను బల్ల మీద పెట్టిన గ్లాసులో ఇంకా నీళ్లున్నాయి. పెద్దామె ఎడమ చేత్తో తీసుకుంది. మొదటి గుక్క భయం భయంగా తాగింది. ఆ తర్వాత తల వెనక్కి వాల్చి, గొంతు ఆడుతుండగా, నడుమ ఊపిరి కూడా తీసుకోకుండా తాగింది. నీళ్లు గదవ మీద నుంచి మెడ మీదికి, రవికె మీదికి కారాయి. తుడుచుకోలేదు. గ్లాసు దించి, అది ఖాళీ అయిందా అని లోపలికి చూసి, నా వైపు చాపింది.

"ఇంకొన్ని పొయ్యి బిడ్డా" అంది.